వారానికి నూట యాభై గ్రాముల పీచు

ముందుగా ఒక విషయం ఒప్పేసుకుంటాను. ఇంజనీరింగ్ చదివాను, నీళ్ల ప్రవాహం మీద ఉన్న పేపర్‌లో మంచి మార్కులే వచ్చాయి. అయినా మా ఇంటి వాషింగ్ మెషీన్ నీళ్లు బయటికి పోయాక ఎక్కడికి పోతాయో ఇరవై ఏడేళ్లు వచ్చేదాకా ఒక్కసారి కూడా ఆలోచించలేదు. గొట్టం గోడలోకి వెళ్తుంది, గోడ అవతల సంగతి గోడ చూసుకుంటుంది. అదీ నా విజ్ఞానం. మీలో చాలామందిది కూడా అంతేనని నా అనుమానం. కాబట్టి హైమవతి గారి కథ చెప్పే అర్హత నాకేం లేదు. కానీ ఆవిడ చెప్పరు. ఆ మాట ఎత్తితేనే లేచి వంటింట్లోకి వెళ్లిపోతారు.

హైమవతి ఉండేది చిలకలదిన్నె పురపాలక సంఘం చివర్న, శ్రీనివాసా ఎక్స్‌టెన్షన్ అనే కాలనీలో. అక్కడికి భూగర్భ డ్రైనేజీ వస్తోందని పదహారేళ్ల కిందట ఒక బోర్డు పెట్టారు. డ్రైనేజీ రాలేదు గానీ బోర్డుకి మాత్రం రెండుసార్లు రంగు వేయించారు. అందుకని ప్రతి ఇంటికీ ఒక సెప్టిక్ ట్యాంకు, ట్యాంకు నీళ్లు భూమిలోకి పోవడానికి పక్కనే ఒక ఇంకుడు గుంత. హైమవతి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటు. భర్త పోయి ఆరేళ్లయింది. ఇంట్లో ఉండేది ఆవిడా, డెబ్బై ఎనిమిదేళ్ల అత్తగారు మంగతాయారూ.

రెండేళ్ల కిందట ఒకసారి ఇంకుడు గుంత పాడైతే, ట్యాంకులు తోడే లారీ సింహాచలం వచ్చి చూసి అసలు రహస్యం చెప్పాడు. "ఇది మట్టి కాదండి మేడం గారూ, బట్టల పీచండి. మెషీన్ నీళ్లతోటి వచ్చేత్తాది. ఈ రోజుల్లో బట్టలు సగం ప్లాస్టిక్కే కదండీ, కుళ్లదు, కరగదు. గుంతలోకెళ్లి అట్టలా కట్టేసి కూచుంటాదండి."

హైమవతి ఆ సాయంత్రమే పాత దోమతెర ముక్కని సంచీలా కుట్టి, మెషీన్ గొట్టం చివర రబ్బరు బ్యాండుతో బిగించింది. ఉతికినప్పుడల్లా అందులో బూడిద రంగు పీచు ముద్ద ఒకటి చిక్కేది. తీసి చెత్తబుట్టలో వేసేది. సాంకేతిక పరిజ్ఞానమంతా అంతే. కథ అక్కడితో అయిపోవాల్సింది.

అవ్వలేదు. ఎందుకంటే పోయిన ఏడాది కమిషనర్ గారు 'ప్రజలతో ముఖాముఖి' పెట్టారు. ఆయన అప్పుడే వ్యర్థజలాల మీద మూడు రోజుల శిక్షణకి వెళ్లొచ్చారు. మెడలో ఆ శిక్షణలో ఇచ్చిన గుర్తింపు కార్డు తాడు ఇంకా వేలాడుతూనే ఉంది. "వినూత్న ఆలోచనలు చెప్పండి" అని అడిగితే ముగ్గురు లేచి కుక్కల గురించి చెప్పారు. నాలుగోది హైమవతి. దోమతెర సంచీ సంగతి రెండు వాక్యాల్లో చెప్పి కూర్చుంది.

కమిషనర్ గారు లేచి నిలబడ్డారు. "రేపు ఆ పరికరాన్ని ప్రత్యక్షంగా తిలకించాలని మా అభిలాష" అన్నారు.

మర్నాడు హైమవతి ఉతుకు అవగానే సంచీని ఊడదీసి, నీళ్లు కారుతుండగానే ప్లాస్టిక్ కవర్లో వేసుకుని వెళ్లింది. ఆయన దాన్ని స్టోర్ రూములో తూకం మీద పెట్టించారు. పీచు, సంచీ, రబ్బరు బ్యాండు, అరగ్లాసు నీళ్లు అన్నీ కలిపి నూట యాభై గ్రాములు తూగింది.

"నూట యాభై గ్రాములు!" అన్నారు కమిషనర్ గారు. "ఒక్క గృహం నుంచి! పదకొండు వేల గృహాలు, ఏడాదికి యాభై రెండు వారాలు..." ఆ లెక్క చేస్తుండగా ఆయన కళ్లలో కనిపించిన వెలుగు హైమవతికి ఇప్పటికీ గుర్తుంది.

నెల తిరిగేసరికి 'పీచు రహిత చిలకలదిన్నె' అమల్లోకి వచ్చింది. పీచు నియంత్రణ విభాగం ఏర్పడింది. సర్క్యులర్ నాలుగో పేరాలో ప్రతి ఇల్లూ వారానికి నూట యాభై గ్రాముల పీచు సమర్పించాలని ఉంది. ఏడో పేరాలో, దుర్గంధం దృష్ట్యా పీచుని పూర్తిగా ఎండబెట్టి మాత్రమే సమర్పించాలని ఉంది. ఈ రెండు పేరాలనీ పక్కపక్కన పెట్టి చదివిన మనిషి ఆ కార్యాలయంలో ఒక్కరు కూడా లేరు. హైమవతి చదివింది. తన పీచుని డాబా మీద ఎండబెట్టి, కాలేజీ నుంచి తెచ్చుకున్న త్రాసులో తూచింది. నాలుగున్నర గ్రాములు.

వీధి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో హైమవతి దోమతెర సంచీని, అప్పుడే పట్టిన చేపని చూపించినట్టు ఎత్తి పట్టుకుని ఉంది. కింద 'హైమవతమ్మ బాటలో నడుద్దాం' అని రాసుంది. ఆ బాటలో నడవడానికి అందరికీ ఆకుపచ్చ సంచులు పంచారు.

ఇలా ఉండగా మంగతాయారు హాల్లో ఫ్యాను స్విచ్ వేయబోయి జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆమె ఆసుపత్రిలో ఉండగానే ఇంట్లో కమోడ్ నీళ్లు దిగడం మానేశాయి. మొదట ఆలోచించి ఆలోచించి దిగేవి, తర్వాత కాస్త పైకి కూడా వచ్చాయి. సోమవారం ఉదయం హైమవతి సింహాచలానికి ఫోన్ చేసింది.

"వచ్చేద్దునండి మేడం గారూ. ఇప్పుడు పీచు ఆఫీసోళ్ల పర్మిట్ లేందే లారీ తీయకూడదంటండి. జీపీఎస్ పెట్టేరండి. మొన్న నేను మా అత్తోరింటికెళ్తే, ఎవరి ట్యాంకు తోడావని సంజాయిషీ అడిగేరండి."

ఫోన్ పెట్టేయగానే ఆసుపత్రి నుంచి ఇంకో ఫోన్.

"ఏమే హైమా, ట్యాంకు తోడించావా?"

"తోడిస్తున్నానత్తయ్యా."

"శనివారం నన్ను పంపేస్తారుట. కింద కూర్చోకూడదుట, వంగకూడదుట, కుర్చీలాంటి దొడ్డే వాడాలిట. ఇక్కడ బాత్రూం ఎంత బావుందనుకున్నావ్, ఇలా నొక్కితే అలా దిగిపోతోంది. నాకైతే రావాలనే లేదు."

"శనివారానికల్లా అయిపోతుంది."

"ఊళ్లోవాళ్ల పీచంతా ఉద్ధరించావు. ఇంట్లో ముసలిదానికి మాత్రం దొడ్డి లేదు. ఆ ఫ్లెక్సీ మీద అది కూడా రాయించు."

పీచు నియంత్రణ విభాగం పాత జనన మరణాల గదిలో ఉంది. పీచు ఇన్‌స్పెక్టర్ ముక్తేశ్వరరావు హైమవతిని చూసి లేచి నిలబడ్డాడు. ఫొటోలో ఉన్న మనిషిని ఎదురుగా చూడటం ఆయనకి ఆనందంగానే ఉంది. రికార్డు తెరిచాక ఆ ఆనందం తగ్గింది.

"అమ్మా, మీ గృహం తాలూకు పీచు సమర్పణ గత నాలుగు వారాలకి గాను పద్దెనిమిది గ్రాములుగా నమోదైంది. నిర్దేశిత లక్ష్యం ఆరు వందలు. మిగతా ఐదు వందల ఎనభై రెండు గ్రాములూ ఎక్కడికి పోయినట్టంటారు?"

"ఎక్కడికీ పోలేదండి. అసలు పుట్టలేదు."

"పీచు పుట్టకపోవడమనేది సర్క్యులర్లో లేదమ్మా. పుట్టి, సమర్పించబడటం ఒకటి. పుట్టి, ట్యాంకులోకి పోవడం ఒకటి. రెండే మార్గాలు. కనుక మీ ట్యాంకు అనుమానిత ట్యాంకు. అనుమానిత ట్యాంకుని తోడటానికి పర్మిట్ ఇస్తే సాక్ష్యాధారాలు తారుమారు చేసినట్టవుతుంది."

హైమవతి ఓపిగ్గా కుర్చీ ముందుకి లాక్కుంది. "సార్, ఆ నూట యాభై తడి బరువండి. ఆరోజు నీళ్లు కారుతుంటే తూచారు. తడి బరువుకి టార్గెట్ పెట్టి పొడి పీచు అడుగుతున్నారు. ఎండితే నాలుగున్నరే ఉంటుంది."

ముక్తేశ్వరరావు కాగితం మీద లెక్క వేసి చూశాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు. అదే ఆయన కష్టం.

"నిజమే అయ్యుండొచ్చమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "కానీ తొంభై రెండు శాతం గృహాలు లక్ష్యం చేరుకున్నాయి. మీరు చెప్పింది నిజమైతే వాళ్లంతా ఏం సమర్పిస్తున్నట్టు? ఆ ప్రశ్న నేను పైకి రాయగలనా? పెళ్లాం పిల్లలు ఉన్నవాణ్ని."

చివరికి ఆయనే ఒక దారి చూపించాడు. 'స్వల్ప పీచు కుటుంబం' హోదాకి దరఖాస్తు పెడితే కమిటీ వచ్చి ఇంట్లో బట్టలు పరీక్షించి తేలుస్తుంది. బుధవారం పంపిస్తానన్నాడు. ఫ్లెక్సీ మీద మనిషి కాబట్టి అంత తొందరగా, లేకపోతే రెండు నెలలు.

ఇంటికొస్తే పక్కింటి నూకరత్నం తీగ మీద తువ్వాళ్లు ఆరేస్తోంది. ఆ తువ్వాళ్లకి మురికి లేదు. పొద్దున ఆరేసినవే. మధ్యాహ్నం మళ్లీ ఉతికింది, సాయంత్రం మళ్లీ ఉతుకుతుంది.

"ఏం సేత్తాం హైమక్కా," అంది. "కొత్త తువ్వాళ్లైతే పీచు బాగా రాలతాదని మా ఆయన డజను తెచ్చేడు. మూడోవారానికి బోసిపోయినియ్. రోజుకి మూడు వాయిలేత్తన్నా, పది గ్రాములు కూడా రాట్లేదు. మా మరిది ఉన్ని స్వెట్టర్ని గెడ్డం గీసే బ్లేడుతో గీకేను. ఇప్పుడది దోమతెరలాగుంది."

"మరి మీది తొంభై రెండు శాతంలో ఉందిగా?"

నూకరత్నం అటూ ఇటూ చూసి నవ్వింది. "అది ఎనకమాల సెప్తాలే."

బుధవారం కమిటీ వచ్చింది. కమిటీ అంటే ముక్తేశ్వరరావు, ఒక అధ్యక్షులవారు. నార, పీచు, ఉన్ని వంటి విషయాల్లో అనుభవం ఉన్న అధికారి కావాలని లేఖ రాస్తే, గొర్రెల పెంపకం విభాగం నుంచి ఆయన్ని డెప్యుటేషన్ మీద పంపించారు. ఆయన వస్తూనే కాఫీ తాగి, మంచినీళ్లు తాగి, ఇంకో కాఫీ తాగి పనిలోకి దిగారు. హైమవతి కాలేజీకి కట్టుకునే చీరని రెండు వేళ్ల మధ్య నలిపి చూశారు.

"ఇది ఏ జాతి?"

"పాలిస్టరండి."

"స్థానికమా, సంకరమా?"

"మిల్లుదండి."

"ఊఁ. ఏడాదికి ఎన్నిసార్లు కత్తిరిస్తారు?"

"జాకెట్టు ముక్కకి ఒక్కసారండి."

ఆయన అది రాసుకున్నారు. మంగతాయారు నేత చీరలు నాలుగు చూసి, వయసు మళ్లినవి కనుక దిగుబడి తక్కువ ఉండొచ్చని అభిప్రాయపడ్డారు. అంతా హైమవతికి అనుకూలంగానే నడుస్తోంది. నివేదిక మీద సంతకం పెట్టడానికి పెన్ను తీసినవారు కాస్తా ఆగి, గొంతు సవరించుకుని, "అమ్మా, మీ మరుగుదొడ్డి ఎటువైపు?" అన్నారు.

"పనిచేయడం లేదండి. ట్యాంకు నిండిపోయింది. అందుకేగా మీరొచ్చింది."

అధ్యక్షులవారు నూకరత్నం ఇంటికి వెళ్లారు. ఆవిడా అదే మాట చెప్పింది. రోజుకి మూడుసార్ల తువ్వాళ్ల నీళ్లు ఆ ట్యాంకులోకే పోతున్నాయి మరి. ఎదురింట్లో అడిగారు. ఆ పక్కింట్లో అడిగారు. ఆయన నడక గుమ్మం గుమ్మానికీ వేగం పెరిగింది. లక్ష్యం చేరుకున్న వీధి అది, హైమవతి ఇల్లు తప్పిస్తే నూటికి నూరు శాతం. ఏడో ఇంటి దగ్గర ఆయన మాట్లాడటం మానేసి నేరుగా జీపెక్కి, "పోనీ, పోనీ" అన్నారు. ముక్తేశ్వరరావు పరిగెత్తి వెనక ఎక్కాడు.

గురువారం ఉత్తరం వచ్చింది. 'అనివార్య కారణాల వల్ల తనిఖీ అసంపూర్తిగా ముగిసింది. అధ్యక్షులవారి వీలును బట్టి పదిహేను రోజుల్లో తదుపరి తేదీ తెలియజేయబడును. ఈలోగా బకాయి పీచు ఒకేసారి సమర్పించినచో పర్మిట్ తక్షణమే మంజూరు చేయబడును.'

శుక్రవారం పొద్దున్నే నూకరత్నం వచ్చి గడప మీద కూర్చుంది.

"ఇప్పుడు సెప్తాను విను. మీ ఇంట్లో బూరుగు దూది దిండ్లు ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి."

"మరింకేం. ఒకటి సించు."

"దొంగ పీచు ఇమ్మంటావా?"

"దొంగ పీచేంటక్కా, ఊరంతా అదే. ఈదంతా ఆళ్ల దిండ్ల మీద నడుత్తంది. బజార్లో బూరుగు దూది అయిపోయింది, లేకపోతే కొని ఇచ్చేద్దును. రేపు మీ అత్తగారు దిగితే కుర్చీలో కూచోబెట్టి కమిటీ డేటు దాకా బిగబట్టమంటావా?"

హైమవతి ఇరవై రెండేళ్లుగా పిల్లలకి ఒకే మాట చెప్తోంది. జవాబు ముందు రాసేసుకుని ప్రయోగం తర్వాత చేయకండి, రీడింగ్ ఎంతొస్తే అంతే రాయండి అని. ఎంతమంది రికార్డులు తిప్పి పంపిందో లెక్కలేదు. దిండు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. అప్పుడు మంగతాయారు ఫోన్ చేసింది. ఎప్పటిలా దెప్పలేదు. "హైమా, వాకర్ పట్టుకుని నాలుగు అడుగులు వేశానే ఇవాళ. రేపు మన బాత్రూం దాకా నేనే నడిచి వెళ్తాను చూడు" అంది.

హైమవతి కత్తెర తీసుకుంది.

దూది తెల్లగా ఉంది. "మంచం కింద కాసేపు దొర్లించు, రంగొచ్చేత్తాది" అంది నూకరత్నం. దొర్లించారు. రంగొచ్చింది. కానీ అలవాటు పోదు కదా, హైమవతి దాన్ని కాలేజీ త్రాసులో పెట్టి, ఒక పోగు తీసి ఒక పోగు వేసి, సరిగ్గా ఐదు వందల ఎనభై రెండు గ్రాములు తూచింది. అబద్ధమైనా కొలత తప్పకూడదని.

ముక్తేశ్వరరావు సంచీలో చెయ్యి పెట్టి చూశాడు. మెత్తగా ఉంది. ఆయన వేళ్లకి ఆ మెత్తదనం బాగా తెలుసు, ఇంట్లో ఆయనా ఈ మధ్య దిండు లేకుండానే పడుకుంటున్నాడు. కళ్లెత్తకుండానే సీలు వేశాడు.

"చూశారా అమ్మా, మనసు పెడితే పుడుతుంది. ప్రజా భాగస్వామ్యం అంటే ఇదే."

శనివారం ఎనిమిదింటికి సింహాచలం లారీ వచ్చింది. మూత తీసి, గొట్టం దింపి, టార్చి వేసి లోపలికి చూశాడు.

"మేడం గారూ, మీ ట్యాంకులో పీచన్నదే లేదండి. ఇంత శుభ్రమైన ట్యాంకు ఈ ఊళ్లోనే సూళ్లేదు."

"మరెందుకు నిండింది?"

"ఈదిలో అందరూ రోజుకి మూడు వాయిలు ఉతుకుతున్నారు కదండీ. నేలంతా నీళ్లు తాగి తాగి ఉంది. మీ గుంతలో నీళ్లు పోడానికి సోటేదండి? తోడతాను గానీ, పదైదు రోజుల్లో మళ్లీ పిలుత్తారు నన్ను." గొట్టం సర్దుకుంటూ గొంతు తగ్గించాడు. "పీచు లేదని మాత్రం ఎవరికీ సెప్పకండి. లేని పీచు ఎక్కణ్నించి తెచ్చి కట్టేరని అడుగుతారు."

పదకొండింటికి మంగతాయారు దిగింది. కూర్చోనైనా కూర్చోకుండా వాకర్ ఠక్కు ఠక్కుమనిపిస్తూ నేరుగా బాత్రూంలోకి వెళ్లింది. కాసేపటికి లోపల్నుంచి నీళ్లు ఒక్కసారిగా జారిన చప్పుడు వినిపించింది. బయట తలుపు దగ్గర నిలబడ్డ హైమవతికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల ల్యాబ్ సర్వీసులో ఏ ప్రయోగం ఫలించినా అంత ఆనందం కలగలేదు.

అత్తగారు బయటికొచ్చి మంచం చూసింది. "నా దిండేదే?"

హైమవతి చెప్పింది. మొత్తం చెప్పింది. ముసలావిడ విని, తలకింద మడతపెట్టిన దుప్పటి వేసుకుని పడుకుంది. "సరే, ఒక దిండుతో పోయిందిగా" అంది.

పోలేదు. సోమవారం ఇంకో ఉత్తరం వచ్చింది. 'మీ గృహం ఒకే వారంలో ఐదు వందల ఎనభై రెండు గ్రాముల పీచు ఉత్పత్తి చేసి అసాధారణ సామర్థ్యాన్ని కనబరచినందుకు అభినందనలు. అట్టి సామర్థ్యం దృష్ట్యా ఇకపై మీ వారపు లక్ష్యం ఐదు వందల ఎనభై గ్రాములుగా సవరించడమైనది. లక్ష్యం తప్పినచో పర్మిట్ రద్దగును.' కింద చేత్తో 'రెండు గ్రాములు మినహాయించాను – ము.రావు' అని రాసుంది.

ఆ నెలలోనే చిలకలదిన్నెకి ఎక్కడిదో పెద్ద అవార్డు వచ్చింది. కమిషనర్ గారు ఇంకో కొత్త తాడు మెడలో వేసుకుని తిరిగొచ్చారు. స్టోర్ రూమూ, దాని పక్కన సమావేశ మందిరమూ పీచుతో నిండిపోయి కుర్చీలు బయట వేసుకుంటుంటే, ఆయన ఆ పీచుని వేలం వేయించారు. ఊళ్లో పరుపుల కొట్టాయన మొత్తం పాడుకున్నాడు. దాంతో కొత్త దిండ్లు కుట్టి అమ్ముతున్నాడు. జనం కొనుక్కెళ్లి చించుతున్నారు. "వ్యర్థం నుంచి సంపద, సంపద నుంచి మళ్లీ వ్యర్థం. ఈ చక్రం ఆగదు" అన్నారు కమిషనర్ గారు సభలో. చప్పట్లు కొట్టారు.

మంగతాయారు ఇంట్లో మాత్రం కొత్త దిండు కొననివ్వలేదు. "మన పరుపు మనకుండగా ఎందుకే" అంది. పెద్ద బూరుగు దూది పరుపు, ఆవిడ కాపురానికి వచ్చినప్పటిది. ప్రతి శుక్రవారం కుర్చీలో కూర్చుని తనే కుట్టు విప్పుతుంది, హైమవతి తూస్తుంది, మళ్లీ కుట్టేస్తుంది. పరుపు వారం వారం పలచబడుతోంది. చూడ్డానికొచ్చిన డాక్టరు మంచం నొక్కి, "బావుందండీ, ఇంత గట్టి పరుపే వాడాలి" అని మెచ్చుకున్నాడు కూడా.

ఒక శుక్రవారం అత్తగారు ఉన్నట్టుండి అడిగింది. "మొత్తం ఎంతుందే ఇందులో?"

"మొదట్లో ఎనిమిది కిలోలుండేది అత్తయ్యా. అన్నీ కలిపి పద్నాలుగు వారాలకి కాస్త తక్కువొస్తుంది."

మంగతాయారు వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "ఎముక అతకడానికి మూడు నెలలన్నాడు డాక్టరు. పరుపైపోయేసరికి నేను కింద కూర్చోగలను. అప్పుడింక వాళ్ల పర్మిట్‌తో మనకి పనేంటి? పెరట్లో గొయ్యి తవ్వించి చుట్టూ నాలుగు తడికలు కట్టించు. ఫ్లెక్సీ గుడ్డ ఉందిగా, తలుపుకి అది సరిపోతుంది. నీ ఫొటో మాత్రం బయటవైపుకి పెట్టు, ఎవరి పుణ్యమో వచ్చేపోయేవాళ్లకి తెలియాలి." దారం కొరికి, సూది హైమవతికిచ్చింది. "ఊఁ, తూచు."

ఇదండీ సంగతి. మీ ఊళ్లో దేనికి టార్గెట్ పెట్టారు? దాన్ని అందుకోడానికి మీ ఇంట్లో ఏం చించారు, ఏం గీకారు, ఏం దొర్లించారు? రాసి పంపండి, చదవాలని ఉంది. పేర్లు మార్చేసుకోండి. బరువు మాత్రం ఎంతో రాయకండి, చదివినవాళ్లలో ఎవరైనా కమిషనర్ ఉండొచ్చు.